పెళ్ళి ఫొటోలకు ఏ శైలి? ముందు ముహూర్తం ఎన్ని గంటలకో చూడండి

మా చెల్లెలి పెళ్ళి ఆల్బం ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. తెరిస్తే 36 అంగుళాల వెడల్పు. అద్దంలో చూసుకుంటున్న చెల్లెలు, కిటికీ పక్కన చెల్లెలు, చెప్పులు చేత్తో పట్టుకుని మండపం మెట్లెక్కుతూ నవ్వుతున్న చెల్లెలు, అన్నీ ఉన్నాయి. జీలకర్ర-బెల్లం మాత్రం లేదు. తెర పట్టుకున్న మా చిన్నాన్న వీపు ఒక ఫొటోలో ఉంది. దాని తర్వాతి ఫొటోలో తెర లేదు, ఇద్దరి తలల మీదా జీలకర్ర ముద్ద ఉంది.

ఫొటోగ్రాఫరు పనిమంతుడే. ఒడిశాలోని బరంపురంలో ఒడియా పెళ్ళిళ్ళు ఎన్నో తీసినవాడు. తెలుగు పెళ్ళిలో అసలు ఘట్టం తాళి కట్టడమని విని ఉన్నాడు. అది ఇంకా రాలేదు కదా అని పక్కకు వెళ్ళి బ్యాటరీ మార్చుకుంటున్నాడు. పంచాంగం చూసి రాత్రి 2 గంటల 47 నిమిషాలకు పెట్టిన సుముహూర్తం తాళిది కాదు, వధూవరులు ఒకరి తలపై ఒకరు చెయ్యి ఉంచే క్షణానిది. ఆ సంగతి ఆయనకు మేం చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని మాకు తట్టనే లేదు.

ఆయన్ను మేం ఎంచుకున్నది 'క్యాండిడ్' శైలి కోసం. క్యాండిడ్ అంటే పోజు పెట్టించకుండా తీసేది అనుకున్నాం. ఆ నిర్వచనం తప్పు కాదు గానీ చాలదు.

పేర్ల తికమక

స్టూడియోవాళ్ళ ధరల పట్టికలో సంప్రదాయం, క్యాండిడ్, డాక్యుమెంటరీ, ఎడిటోరియల్, సినిమాటిక్ అని వరసగా ఉంటాయి. బట్టల దుకాణంలో గద్వాల, మంగళగిరి, ఉప్పాడ అన్నట్టు, వీటిలో ఏదో ఒకటి తీసుకోవాలేమో అనిపిస్తుంది. నిజానికి ఇవి ఒకే జాతి మాటలు కావు. చిక్కంతా అక్కడే ఉంది.

సంప్రదాయం, క్యాండిడ్ అనేవి ఫొటోగ్రాఫరు జోక్యం ఎంత అన్నది చెబుతాయి. నిలబెట్టి తీస్తాడా, జరిగేదాన్ని జరగనిచ్చి తీస్తాడా అన్నదే తేడా. డాక్యుమెంటరీ అనేది ఫొటోల వరసకు సంబంధించిన మాట. ఒక్కో ఫొటో ఎంత అందంగా ఉందన్నది కాదు, పసుపు దంచినప్పటి నుంచి అప్పగింతల దాకా వరసగా చూస్తే పెళ్ళి అర్థమవాలి. ఎడిటోరియల్ అంటే ఫ్యాషన్ పత్రికల పద్ధతి. చీర, నగ, వెలుతురు, చెయ్యి ఎక్కడ పెట్టాలన్నది అన్నీ ముందే అమర్చి తీస్తారు. పాత స్టూడియో ఫొటోకు ఇది పట్నంలో చదువుకున్న మనవరాలు. సినిమాటిక్ అన్నది అసలు వీడియోవాళ్ళ మాట. ఫొటోల దగ్గరికి వచ్చేసరికి నీడలు చిక్కగా, రంగులు కాస్త ముదురుగా చేయడమే దాని అర్థం.

అంటే జోక్యం ఎంత, వరస ఎలా, రంగు ఎలా అన్నవి మూడు వేరువేరు ప్రశ్నలు. ఒకే పెళ్ళిలో ఒక్కోదానికి ఒక్కో జవాబు చెప్పుకోవచ్చు. 'మాకు క్యాండిడ్ కావాలి' అన్న ఒక్క మాటతో మూడింటికీ జవాబు చెప్పేశామనుకోవడం వల్లే ఆల్బం వచ్చాక మొహాలు మాడతాయి.

క్యాండిడ్ పద్ధతి పుట్టింది పెళ్ళి పందిట్లో కాదు. 1920ల చివర్లో జర్మనీలో ఎరిక్ సాలమన్ అనే ఆయన ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరాతో కోర్టుల్లో, దౌత్య సమావేశాల్లో ఫ్లాష్ లేకుండా, ఎదుటివాళ్ళకు తెలియకుండా ఫొటోలు తీశాడు. ఆ కెమెరా లెన్సు ఆ కాలానికి మామూలు లెన్సుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చేది. అందరూ చెప్పేది ఆ లెన్సు సంగతే. సాలమన్ న్యాయశాస్త్రం చదివినవాడన్న సంగతి కూడా కలుపుకోవాలని నాకనిపిస్తుంది. కోర్టులో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఏ మాట దగ్గర ఎవరి మొహం మారుతుందో తెలిసినవాడికి తగిన చోట ముందే కూర్చునే వీలుంటుంది. మా ఫొటోగ్రాఫరు దగ్గర మంచి లెన్సు ఉంది. మన తంతు మాత్రం తెలియదు.

తెర పక్కన ఎవరు నిలబడాలి

జీలకర్ర-బెల్లం దగ్గర ఏం జరుగుతుందో ఒకసారి కెమెరా వైపు నుంచి చూడండి. వధూవరులు ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో తెర. అటూ ఇటూ ఇద్దరు తెర కొసలు పట్టుకుని ఉంటారు. వధూవరులు తమలపాకులో ముద్ద పెట్టుకుని, చేతులు తెర పైనుంచి చాచి సిద్ధంగా ఉంటారు. వరుడి వెనక ఉన్న కెమెరాకు వధువు కనపడదు, వధువు వెనక ఉన్నదానికి వరుడు కనపడడు. ఇద్దరి మొహాలూ ఒకే ఫొటోలో పడే చోటు ఒక్కటే: తెర కొసకు సూటిగా, తెర ఒక గీతలా కనిపించే చోటు. సరిగ్గా అక్కడే తెర పట్టుకున్న చిన్నాన్న ఉంటాడు. 'బాబాయిగారూ, ఒక్క అడుగు వెనక్కి జరిగి చెయ్యి చాచి పట్టుకోండి' అని ముహూర్తానికి పది నిమిషాల ముందు అడిగితే ఆయన సంతోషంగా జరుగుతాడు. క్షణం వచ్చాక అడిగితే వినపడదు, ఎందుకంటే అప్పటికి గట్టిమేళం మొదలైపోతుంది. సన్నాయి, డోలు విని కెమెరా ఎత్తేవాడు ఎప్పుడూ ఆలస్యమే.

ఇంకో చిక్కు లెన్సుది. ఎఫ్ అన్నది లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, అది చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు. ఎఫ్ 1.8 దగ్గర తీస్తే ఎఫ్ 4 కంటే దాదాపు ఐదు రెట్లు వెలుతురు వస్తుంది. వెనకాల ఉన్న ప్లాస్టిక్ కుర్చీలూ, ఫోను చూసుకుంటున్న బంధువులూ మెత్తగా కరిగిపోతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో మనల్ని మురిపించేది ఆ మెత్తదనమే. కానీ దగ్గర నుంచి అలా తీస్తే అమ్మాయి కళ్ళు స్పష్టంగా వచ్చి అబ్బాయి మొహం కూడా కరిగిపోతుంది. ఇద్దరూ కావాలంటే లెన్సు కొంత మూయాలి, మూస్తే వెలుతురు చాలదు, చాలకపోతే ఫ్లాష్ వెయ్యాలి. 'మాకు ఫ్లాష్ వద్దండీ, సహజంగా ఉండాలి' అని అడ్వాన్సు ఇచ్చిన రోజే చెప్పి ఉంటాం.

అందుకే ముహూర్తం వేళ ముందు చూడమంటున్నాను. మనం సేవ్ చేసుకున్న ఫొటోల్లో చాలావరకు పగటివి. పెద్ద కిటికీల్లోంచి వచ్చే వెలుతురు, తెల్లని గోడలు. రాత్రి రెండున్నర ముహూర్తానికి కిటికీలోంచి వచ్చేది జనరేటరు చప్పుడు మాత్రమే. పగటి ముహూర్తమైతే సహజ వెలుతురు శైలి నిరభ్యంతరంగా అడగండి. రాత్రి ముహూర్తమైతే 'ఫ్లాష్‌ను ఎలా వాడతారు' అని అడగాలి. తెల్లని పైకప్పుకు కొట్టి కిందికి పరచుకునేలా వేస్తే రాత్రి ఫొటో కూడా మెత్తగా వస్తుంది. పైన ఎర్రటి షామియానా గుడ్డ ఉంటే ఆ ఎరుపంతా మొహాల మీదికి దిగుతుంది, అప్పుడు పక్కన గొడుగు లైటు పెట్టక తప్పదు. హోమం పొగ మీదికి ఎదురుగా ఫ్లాష్ వేస్తే తెల్లటి మసక, పొగ వెనక నుంచి వెలుతురు వస్తే అదే పొగ వెండిలా మెరుస్తుంది.

ఈ మధ్య వేదిక వెనక పెడుతున్న ఎల్ఈడీ తెరలు, రంగు రంగుల లైట్ల గురించి నాకు మంచి మాట రాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు చారలుగా తెలుస్తుంది. సెకనులో నూరో వంతు, యాభయ్యో వంతు షట్టరు వేగంతో చాలావరకు తప్పించుకోవచ్చు. గులాబీ లైటు పడిన మొహాన్ని మాత్రం ఎంత పనిమంతుడూ కంప్యూటర్‌లో మామూలు మొహంగా చేయలేడు. శైలి గురించి ఫొటోగ్రాఫరుతో మాట్లాడితే సరిపోదు, డెకరేషనువాడితో కూడా మాట్లాడాలి.

వరసగా నిలబెట్టి తీసే ఫొటోను తీసిపారేయకండి

'ఆ పాతకాలం గుంపు ఫొటోలు మాకొద్దు' అనే జంటలు ఎక్కువయ్యారు. వాళ్ళ విసుగు అర్థమవుతుంది. వేదిక మీద మూడు గంటలు నిలబడి, వచ్చిన ప్రతి కుటుంబంతో ఒకే నవ్వు నవ్వడం శిక్షే. అయినా నేను ఆ ఫొటోల పక్షమే.

మా తాతయ్యకు ఫొటో తీయించుకోవడం ఇష్టముండేది కాదు. ఆయన పోయిన రోజు గోడకు పెట్టడానికి ఫొటో వెతికితే రేషన్ కార్డు మీది తపాలా బిళ్ళంత బొమ్మ దొరికింది. చివరికి అత్తయ్య పెళ్ళిలో తీసిన గుంపు ఫొటోలోంచి ఆయన మొహం వరకు కత్తిరించి పెద్దది చేయించారు. ఇప్పటికీ దండ వేసేది దానికే. కాస్త పరీక్షగా చూస్తే ఎడమ భుజం దగ్గర ఎవరిదో పట్టుచీర అంచు కనిపిస్తుంది. అది 36 ఫొటోల రీలు నాటి ముచ్చట, ఒక్కో క్లిక్కూ లెక్కే. అయినా ఫొటోగ్రాఫరు పెద్దవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి, వెలుతురు మొహాల మీద పడేలా తిప్పి, 'కదలకండి' అని తీశాడు. క్యాండిడ్‌లో తాతయ్య దొరికి ఉంటే బహుశా అక్షింతలు వేస్తున్న చేయిగానో, ఎవరి వెనకో సగం తలగానో దొరికేవాడు.

పెద్దవాళ్ళకు, దూరం నుంచి వచ్చినవాళ్ళకు నిలబెట్టి తీసే ఫొటోలు ఉండాలి. కాకపోతే వాటికి ఒక వేళ, ఒక చోటు, ఒక జాబితా పెట్టండి. ముహూర్తానికి ముందు అందరూ చెమట పట్టకుండా ఉన్నప్పుడు నలభై నిమిషాలు చాలు. అందరి పేర్లూ తెలిసిన పిన్ని ఒకావిడ ప్రతి ఇంట్లో ఉంటుంది, ఆ పని ఆవిడకు అప్పజెప్పండి.

రెండు తంతుల పెళ్ళి

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా గంజాం, పర్లాకిమిడి, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. అందుకే ఈ వైపు తెలుగు కుటుంబాల్లో పెళ్ళి అంటే రెండు భాషల శుభలేఖ, రెండు రకాల వంట మామూలే. ఇటీవల తెలుగబ్బాయి, ఒడియా అమ్మాయి పెళ్ళిళ్ళు కూడా మామూలయ్యాయి. ఫొటోల సంగతికి వస్తే హైదరాబాద్ జంటలకు లేని ప్రశ్న ఇక్కడ ఒకటుంది: ఏ తంతు తెలిసినవాడిని పిలవాలి?

శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్ళకు జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు, బిందెలో ఉంగరం నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ ఒడియా పెళ్ళిలో ఇద్దరి చేతులూ కలిపి దర్భతో కట్టే హాతగంఠి దగ్గర వాళ్ళు తడబడతారు. శంఖం, ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని హుళహుళి వినిపించాక లెన్సు తిప్పుతారు. మనకు గట్టిమేళం ఎలాగో అక్కడ అవి అలాగ, వినిపించాయంటే క్షణం వచ్చేసినట్టే. ఇక శళాబిధా అని ఒకటుంది. పెళ్ళికూతురి తమ్ముడో అన్నో వచ్చి బావగారి వీపు మీద ఒక గుద్దు గుద్దుతాడు. మొత్తం తంతు ఒక్క సెకను. దెబ్బ పడే చెయ్యి, ఉలిక్కిపడే పెళ్ళికొడుకు, చుట్టూ నవ్వు ఒకేసారి ఫొటోలో పడాలంటే పక్క నుంచి, కాస్త దూరంగా, చెయ్యి ఎత్తకముందే సిద్ధంగా ఉండాలి. తర్వాత 'బాబూ, ఇంకోసారి కొట్టు' అంటే కొడతాడు, కానీ ఉలికిపాటు మళ్ళీ రాదు.

నన్నడిగితే ఇలాంటి పెళ్ళికి పేరున్న ఫొటోగ్రాఫరు ఒక్కరినే దూరం నుంచి రప్పించడం కంటే, ఇచ్ఛాపురం వైపు ఒకరిని, బరంపురంలో ఒకరిని కలిపి పెట్టుకోవడం మేలు. ఇద్దరి రంగులూ కలవవేమో అన్న భయం నిజమే. ఫొటోలు దిద్దే పని ఒక్కరికే అప్పగిస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది.

కెమెరా ముందు మీరెలాంటివాళ్ళు

ఇది నిజాయితీగా చూసుకోవాల్సిన విషయం. కొందరు కెమెరా చూడగానే వెలిగిపోతారు, కొందరు బిగుసుకుపోతారు. బిగుసుకుపోయేవాళ్ళకు ఎడిటోరియల్ శైలి నరకం. 'గడ్డం కాస్త దించండి, ఆమెను చూడండి, ఇప్పుడు నవ్వండి' అంటుంటే పాస్‌పోర్టు ఆఫీసులో ఉన్నట్టుంటుంది. వాళ్ళకు దూరం నుంచి, పొడవాటి లెన్సుతో తీసేవాడు కావాలి. విచిత్రం ఏమిటంటే, క్యాండిడ్ బాగా అడిగేది బిడియస్తులే, క్యాండిడ్ బాగా వచ్చేది మాత్రం పదిమందిలో కలిసిపోయి మాట్లాడేవాళ్ళకు. తల వంచుకుని కూర్చునే అమ్మాయిని ఎంత సహజంగా తీసినా వచ్చేది వంచిన తలే. అలాంటి జంట ఇంట్లో, పెద్దలు లేని గదిలో ఒక అరగంట ఫొటోగ్రాఫరుతో గడిపి, కెమెరా ఉందన్న సంగతి మరిచిపోయేదాకా మాట్లాడితే పెళ్ళి రోజున తేడా కనిపిస్తుంది. ప్రీ-వెడ్డింగ్ షూటుకు నేను ఒప్పుకునే ఒకే ఒక్క ఉపయోగం ఇదే.

ఆ షూటు బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ బీచ్‌లో అంటే మాత్రం ఒక హెచ్చరిక. సముద్రంలోకి సూర్యుడు దిగుతుంటే చేతులు పట్టుకున్న నీడబొమ్మ కావాలని అందరూ అడుగుతారు. అది పడమటి తీరం ఫొటో. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు ఇక్కడ నీళ్ళలోంచి లేస్తాడు, సాయంత్రం ఊళ్ళోకి దిగుతాడు. ఆ నీడబొమ్మ కావాలంటే మే నెలలో ఐదుంబావుకు, జనవరిలో ఆరున్నరకు ముస్తాబై ఇసుకలో ఉండాలి. డ్రోను ఎగరేస్తామంటే ముందు ప్రభుత్వం వారి డ్రోన్ల మ్యాపు డిజిటల్ స్కైలో ఆ చోటు ఏ జోనులో ఉందో చూపించమనండి, అక్కడ సైన్యం వాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట అయితే తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో, పిల్లలు సముద్రంలోకి వెళ్ళే రోజుల్లో రాత్రిపూట లైట్లు పెట్టి తీయకండి. వెలుతురు ఎటుంటే పిల్లలు అటే పాకుతాయి.

రంగుల గురించి ఒక్క మాట. ఇప్పుడు చలామణిలో ఉన్న లేత, వెలిసిన రంగుల పద్ధతి గౌన్లకు, పచ్చగడ్డికి పుట్టింది. దాన్ని మన పెళ్ళి మీద వేస్తే పసుపు మట్టి రంగవుతుంది, కుంకుమ ఇటుక రంగవుతుంది, గుడి గోపురాల అంచున్న బరంపురం పట్టుచీర ఏ ఊరిదో తెలియని చీర అవుతుంది. ఎర్ర అంచు మధుపర్కాల తెలుపులో నేత కనిపించాలి. ఫొటోలను రా ఫైళ్ళుగా, అంటే కెమెరా పట్టినదాన్ని దిద్దకుండా ఉంచే ఫైళ్ళుగా, తీస్తేనే దిద్దుబాటుకు చోటుంటుంది. మామూలు ఫొటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 14 బిట్ల రా ఫైలులో 16,384. నమూనా ఆల్బం చూసేటప్పుడు మొహాలు కాదు, పసుపు చూడండి. పసుపు పసుపులా ఉందంటే మిగతావి కూడా సరిగానే ఉంటాయి.

అడ్వాన్సు ఇచ్చే ముందు

ముప్ఫై మంచి ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. ఒకే ఒక్క పెళ్ళి, రాత్రి ముహూర్తానిది, మొదటి ఫొటో నుంచి చివరి దాకా చూపించమని అడగండి. జీలకర్ర-బెల్లం దగ్గర ఎన్ని ఉన్నాయి, అందులో ఇద్దరి మొహాలూ కనిపించేవి ఎన్ని, భోజనాల వరసలో జనం మొహాలు ఎలా ఉన్నాయి అన్నవి చూస్తే శైలి పేరు అడగాల్సిన పనే ఉండదు. కెమెరాలో రెండు కార్డులు పెట్టి ఒకేసారి రెండింటిలో రాసుకుంటారా అన్నది కూడా అడగండి, కార్డు పాడైతే పెళ్ళి మళ్ళీ చేయలేం.

కాగితం మీది సంగతి ఒకటి చాలామందికి తెలియదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. వేరే ఒప్పందం లేకపోతేనే సుమా. ఆ వేరే ఒప్పందం రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. మీ ఫొటోలను వాళ్ళ ప్రచారానికి వాడుకోవడం ఇష్టం లేకపోతే అక్కడే రాయించండి. రా ఫైళ్ళు ఇస్తారా లేదా అన్నది వేరే బేరం, అదీ ముందే తేల్చుకోవాలి.

పోయిన మాఘమాసంలో మా పిన్ని కొడుకు పెళ్ళి జరిగింది. అమ్మాయి ఒడియావాళ్ళమ్మాయి. ఈసారి పెళ్ళికి రెండు రోజుల ముందు ఇద్దరు పురోహితులనూ, ఇద్దరు ఫొటోగ్రాఫర్లనూ ఒకచోట కూర్చోబెట్టి టీ ఇప్పించాం. ఏది ఎన్ని గంటలకు, ఎవరు ఎటు తిరిగి కూర్చుంటారు, తెర ఎవరు పడతారు అన్నది ఒక కాగితం మీద తెలుగులో ఒకవైపు, ఒడియాలో ఒకవైపు రాశారు. జీలకర్ర-బెల్లం ఫొటోలో తెర సన్నని గీతలా ఉంది, చిన్నాన్న చెయ్యి మాత్రమే ఉంది, వీపు లేదు. శళాబిధా ఫొటోలో బావమరిది పిడికిలి, మా తమ్ముడి నోరు 'ఆ' అని తెరుచుకోవడం, వెనక మంత్రాల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్న మన పురోహితుడు ఉన్నారు.